పండిత రమాబాయి – తలుపు తెరచిన తల్లి



పూనా నుండి షోలాపూరు వైపు రైలులో రాకపోకలు చేసే మన తెలుగువారికి కేడ్గావ్ స్టేషను తెలిసే ఉంటుంది. దౌండ్ జంక్షనుకు ముందే వస్తుంది. ముక్తి మిషన్ ఆ ఊరిలోనే ఉన్నది. దానిని స్థాపించిన పండిత రమాబాయి గారి జీవితమును ఈసారి జ్ఞాపకము చేసుకుందాము. పాత కథే గదా అని పుట త్రిప్పవద్దు. మన ఇండ్లలో జరుగుచున్న ఒక సంగతికీ ఈ జీవితానికీ సంబంధమున్నది.

రమాబాయి 1858 ఏప్రిల్ 23న, ఇప్పటి కర్ణాటకలోని పడమటి కనుమల అడవిలో, గంగామూల అనే చోట పుట్టారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే సంస్కృత పండితుడు. ఆడవారికి సంస్కృతము తగదని అందరూ అనుకునే రోజులలో ఆయన తన భార్య లక్ష్మీబాయికి చదువు నేర్పాడు. అయినవారే తప్పుపట్టారు. ఆయన చలించక అడవిలో కాపురము పెట్టాడు. రమాబాయికి తల్లే గురువు.

తరువాత ఆ కుటుంబము క్షేత్రములు తిరుగుతూ, పురాణము చదివి వినిపిస్తూ బ్రతికింది. మన తిరుపతి కొండకు కూడా వచ్చారు. 1870లలో వచ్చిన కరువులో తల్లి, తండ్రి, అక్క ఒకరి వెంట ఒకరు చనిపోయారు. మిగిలిన అన్నాచెల్లెళ్ళు కాలినడకన దేశము తిరిగి 1878లో కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఆమె జ్ఞానమును పరీక్షించి పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చారు. 1880లో అన్న కూడా పోయాడు. అదే ఏట ఆమె బిపిన్ బిహారీ మేధావి అనే బెంగాలీ వకీలును కులము చూడక వివాహమాడారు. మనోరమ అనే కుమార్తె కలిగింది. 1882లో కలరా సోకి భర్త మరణించాడు. అప్పటికి ఆమెకు 23 ఏండ్లు, చంకలో పసిబిడ్డ.

ఆ స్థితిలోని స్త్రీ మూలగదిలో కూర్చోవాలని లోకము ఎదురుచూసింది. ఆమె పూనా వెళ్ళి ఆర్య మహిళా సమాజమును స్థాపించారు. 1882లో హంటర్ విద్యా కమిషను ఎదుట నిలిచి, ఆడపిల్లలకు ఉపాధ్యాయినులు, స్త్రీ వైద్యులు కావాలని చెప్పారు. 1883లో ఇంగ్లండు వెళ్ళి అక్కడ క్రీస్తు ప్రభువును అంగీకరించి బాప్తిస్మము పొందారు. 1886లో అమెరికా వెళ్ళి పసిపిల్లలకు చదువు చెప్పే కొత్త పద్ధతులు నేర్చుకున్నారు. ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడిని గనుక ఈ మాట వ్రాసేటప్పుడు నాకు సంతోషము కలుగుతుంది.

1887లో ఆమె ఇంగ్లీషులో వ్రాసిన పుస్తకము అమెరికాలో వెలువడింది. మన దేశపు అగ్రకుల స్త్రీలు పుట్టింట, అత్తింట పడే బాధలను అందులో దాచకుండా వ్రాశారు. రుఖ్మాబాయి వ్యాజ్యమును కూడా ప్రస్తావించారు. బొంబాయిలో పదకొండేండ్ల వయసులో పెండ్లి చేయబడిన రుఖ్మాబాయి, పెద్దయ్యాక ఆ భర్తతో కాపురానికి ఒప్పుకోలేదు. అతడు కోర్టుకెక్కాడు. 1887లో కోర్టు ఆమెను కాపురానికి వెళ్ళమన్నది, లేదంటే ఆరు నెలల ఖైదు అన్నది. ఖైదుకైనా సిద్ధమే గాని వెళ్ళనన్నదామె. 1888లో రాజీతో ఆ బంధము తెగింది. ఆమె లండనులో వైద్యము చదివి వచ్చి ఎందరికో సేవ చేసింది. వెనుకకు పంపియుంటే ఆ డాక్టరమ్మ మనకు ఉండేది కాదు.

పుట్టిల్లు తీసుకోదు, అత్తిల్లు బ్రతకనివ్వదు, చట్టము కూడా వెనుకకే నెడుతుంది. ఇక ఆ స్త్రీ ఎక్కడికి పోవాలి? రమాబాయి ఇచ్చిన జవాబు ఒక ఇల్లు. 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదన్ తెరిచారు. మరుసటి ఏట దానిని పూనాకు మార్చారు. పిల్లలను మతము మారుస్తున్నారని 1893లో పెద్ద అలజడి లేచింది. చాలామంది తమ బిడ్డలను తీసుకొనిపోయారు. ఆమె మాత్రము తలుపు మూయలేదు.

1896–97లో మధ్య పరగణాలలో కరువు వచ్చింది. చిన్ననాడు తాను పడిన ఆకలి గుర్తుకు వచ్చి ఆమె స్వయముగా వెళ్ళి దాదాపు 300 మంది స్త్రీలను, బాలికలను తీసుకొని వచ్చారు. కేడ్గావ్‌లో ముందే కొన్న పొలములో వారికి చోటిచ్చారు. అదే ముక్తి. అక్కడ అన్నముతో పాటు చదువు, నేత, వ్యవసాయము, ముద్రణ పని నేర్పారు. మోసపోయి వీధినపడిన స్త్రీలకు కృపా సదన్ అని వేరే ఇల్లు కట్టారు. ఆమె హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చి బైబిలును మరాఠీలోనికి తర్జుమా చేయగా, ఆ స్త్రీలే అచ్చులు కూర్చారు. లోకము పనికిరారని త్రోసివేసిన చేతులవి. 1921లో మనోరమ ముందుగా ప్రభువును చేరింది. 1922 ఏప్రిల్ 5న రమాబాయి గారు కన్నుమూశారు.

ఇక నా మాట ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏండ్ల క్రితం ఒక సహోదరి చేతిమీద కమిలిన గుర్తులతో మా పెద్దల ముందుకు వచ్చింది. నేనూ ఆ పెద్దలలో ఉన్నాను. ఓర్చుకోమ్మా అన్నాము, ప్రార్థన చేసి అదే ఇంటికి పంపాము. మరుసటి ఆదివారం ఆమె భర్త కానుకల పళ్ళెము పట్టుకొని తిరిగాడు. ఆమె చోటు ఖాళీగా ఉన్నది. ఆ తరువాత ఆమె మందిరానికి రాలేదు. ఆ ఖాళీ చోటు నాకు ఇప్పటికీ కనబడుతుంది.

మనము ఊరు కాని ఊరిలో స్థిరపడినవారము. గుంటూరు నుండో నెల్లూరు నుండో కోడలిని తెచ్చుకుంటాము. ఆమెకు ఇక్కడి భాష రాదు, పుట్టిల్లు రెండు రాత్రుల ప్రయాణము. ఆమెకు తెలిసిన తలుపు సంఘమొక్కటే. అది మూసుకుంటే ఆమెకు దిక్కెవరు? 1 పేతురు 3వ అధ్యాయము 7వ వచనమును ఈ రాత్రి ఇంటిలో భర్తలే చదవండి. భార్యను గౌరవించని వాని ప్రార్థన ఏమగునో అక్కడ ఉన్నది.

చట్టము నేడు రమాబాయి నాటిది కాదు. 2005లో చేసిన గృహహింస చట్టము 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉన్నది. కొట్టడమే గాక తిట్టి హింసించడము, డబ్బు ఇవ్వక బాధించడము కూడా దాని క్రిందికి వస్తాయి. ఇల్లు ఎవరి పేరున ఉన్నా భార్యను చట్టవిరుద్ధముగా వెళ్ళగొట్టరాదు. మేజిస్ట్రేటు రక్షణకు, నివాసానికి, ఖర్చులకు ఉత్తర్వు ఇవ్వగలరు. 181 నంబరుకు ఫోను చేస్తే సహాయము దొరుకుతుంది. ప్రాణభయముంటే 112.

కాబట్టి పెద్దలారా, స్త్రీల సమాజపు అక్కలారా, అలాంటి సహోదరి వస్తే ముందు ఆమె మాట నమ్మండి. భర్తను ఎదుట కూర్చోబెట్టి ఆమెను ప్రశ్నించవద్దు. ఆ రాత్రికి చోటు చూడండి. గాయముంటే ఆస్పత్రికి తీసుకొనివెళ్ళి చీటీ వ్రాయించండి. ఆమె ఇష్టము తెలియకుండా రాజీ కుదర్చవద్దు. రమాబాయి చేసినట్లు, తన కాళ్ళమీద నిలిచే పని ఒకటి దొరికే వరకు తోడుండండి. కొట్టినవాడు మారుమనస్సు పొందినట్లు నడతలో కనబడేవరకు సంఘములో బాధ్యత ఇవ్వవద్దు.

మన మందిరముల తలుపులు ఆదివారము మాత్రమే గాక, ఏడ్చుచు వచ్చే చెల్లి కొరకు అర్ధరాత్రి కూడా తెరచుకొనునట్లు ప్రభువు మనకు కృపనిచ్చును గాక. ఆమేన్.