ప్రొటీన్లకు హద్దులు గీసిన రామచంద్రన్

గోపాలసముద్రం నారాయణ రామచంద్రన్ 1922 అక్టోబరు 8న ఎర్నాకుళంలో పుట్టారు. తండ్రి కాలేజీలో లెక్కల ప్రొఫెసరు. 1942లో బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూట్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో చేరితే, సి.వి. రామన్ గారు ఆయన్ని ఫిజిక్సులోకి లాక్కున్నారు. తర్వాత కేంబ్రిడ్జిలో డాక్టరేటు చేశారు. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయంలో ఫిజిక్సు శాఖకు అధిపతి అయ్యేనాటికి ఆయన వయసు ముప్పైకి అటూ ఇటూ.

చర్మానికీ ఎముకకూ బలమిచ్చే కొల్లాజెన్ నిర్మాణం అప్పటికింకా తేలలేదు. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి 1954–55లో దాన్ని మూడు పోగులు పేనిన తాడులా చూపించారు. కొన్ని పరమాణువులు మరీ దగ్గరగా ఉన్నాయని క్రిక్, రిచ్ తప్పుపట్టారు. అందులో కొంత నిజముంది. కానీ మూడు పోగుల భావన నిలిచింది.

ఇంకొకరైతే మనసు కష్టపెట్టుకుని ఊరుకునేవారే. రామచంద్రన్ మాత్రం, అసలు పరమాణువులు ఎంత దగ్గరికి రాగలవో తేల్చుకుందామని కూర్చున్నారు. తెలిసిన స్ఫటికాల కొలతలన్నీ పోగుచేశారు. మోచెయ్యి ముందుకు వంగుతుంది గాని వెనక్కి వంగదు కదా! ప్రొటీను గొలుసులో ప్రతి లంకె దగ్గరా అలాంటి హద్దులే ఉన్నాయి. రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి 1963లో ఆ హద్దుల్ని ఒక పటంగా గీశారు. అదే రామచంద్రన్ పటం.

ఈ వంగడం ప్రాణావసరం. బరువు మోసినప్పుడు కండరకణాల పొర అక్కడక్కడా చిరుగుతుంది, కాల్షియం లోపలికి చొరబడుతుంది. అది తగలగానే అనెక్సిన్ ప్రొటీన్లు చిరుగు అంచుకు చేరి పొరను పట్టుకుంటాయి. చెరువుకట్టకు గండి పడితే ఊరంతా మట్టితట్టలతో పరిగెత్తినట్టే. డిస్ఫెర్లిన్ అనే ప్రొటీను లోపిస్తే ఈ మరమ్మతు కుంటుపడి కండరాలు క్షీణిస్తాయి. ఇలాంటి ప్రొటీన్లకు పట్టు ఉండాలి, ఒదుగూ ఉండాలి. రామచంద్రన్ కణపొర మీద పనిచెయ్యలేదు. అయినా ఈ ప్రొటీన్ల నమూనా ఎవరు కట్టినా సరిచూసుకునేది ఆయన పటంతోనే.

1971లో ఆయన బెంగుళూరులో మాలిక్యులర్ బయోఫిజిక్స్ విభాగాన్ని స్థాపించారు. 1977లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. నోబెల్ రాలేదు. చివరి ఏళ్ళు జబ్బుతో గడిచాయి. 2001 ఏప్రిల్ 7న మద్రాసులో కన్నుమూశారు.

మార్కులు తగ్గితే పేపరు దిద్దినవాళ్ళని తిట్టుకునే మనం ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఒకటుంది. తప్పు చూపించినవాళ్ళకి ఆయన ఇచ్చిన జవాబు కోపం కాదు, కొలత.