మతం మారినా మారని బాణీ

ఆదివారం ఉదయం అర్చన ముగించుకొని ఆలయం వెలుపలికి వస్తుంటే, దూరంగా చర్చి నుండి ఒక పాట వినవస్తుంది. పాడేది ఏసుక్రీస్తును గూర్చి. కాని రాగం మనది, తాళం మనది, తేట తెలుగు పల్లవి మనది. ఈ ఒరవడిని తెలుగు చర్చిలలో స్థిరపరచిన మహనీయులలో అగ్రగణ్యులు పురుషోత్తమ చౌదరి.

వీరు 1803వ సంవత్సరంలో పర్లాకిమిడి సమీపాన మదనపురంలో ఒక గౌడ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. ఆ ప్రాంతం నేడు ఒడిశాలో ఉన్నది. బాల్యంలోనే తెలుగు, ఒరియా, సంస్కృత భాషలు నేర్చి, ఛందస్సు వశం చేసుకున్నారు. మోక్షమార్గం ఏదన్న చింత ఆయనను స్థిమితంగా ఉండనీయలేదు. ఆ స్థితిలో తెలుగులో అచ్చయిన ఒక క్రైస్తవ పుస్తకం ఆయన చేత పడింది. 1833లో కటకంలో బాప్టిస్టు సంఘం ద్వారా క్రైస్తవాన్ని స్వీకరించారు.

దానికి చెల్లించిన మూల్యం స్వల్పమైనది కాదు. బంధువర్గం దూరమైంది. ధర్మపత్ని రాధామణీదేవి సైతం మొదట ఆయన వెంట నడువలేదు. తరువాతి కాలంలోనే ఆయనను చేరుకున్నారు. ఆ ఎడబాటులో ఆ ఇల్లాలు పడిన వ్యథ ఆయన త్యాగం కన్న తక్కువదని అనలేము.

అటుపై ఐదు దశాబ్దాలకు పైగా జీవించి, బోధకులుగా, సంఘకాపరిగా కళింగసీమలో సంచరించారు. విగ్రహారాధనను ఖండించారు. అర్చకత్వమే జీవితంగా గల నావంటివానికి ఆ ఖండన సమ్మతం కాదు. అయినను ఒక సత్యాన్ని ఒప్పుకొనక తప్పదు. కొత్త దైవాన్ని కొలువబూనినప్పుడు ఆయన పాశ్చాత్య బాణీలతో సరిపెట్టుకొనలేదు. ఇంట నేర్చిన విద్యనే ఆశ్రయించారు. శతకాలు పలికారు. నూటికి పైగా కీర్తనలు రచించారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ గ్రంథంలో నేటికీ పాటల శీర్షాన రాగతాళాల పేర్లు కనబడుతాయి.

1890లో ఆయన కటకంలో తనువు చాలించారు. మార్గం మార్చుకొనవచ్చును గాని, తల్లి ఒడిలో అబ్బిన సంస్కారం మనిషిని విడువదు. భగవంతుని ఎదుట నిలిచినప్పుడు భక్తుని నోట వెలువడేది మాతృభాషే. మన ఇండ్లలో పిల్లలకు ఆ భాషను, ఆ ఛందస్సును, ఆ రాగాన్ని మనం అందిస్తున్నామా? పురుషోత్తమ చౌదరి జీవితం మనల్ని అడిగే ప్రశ్న ఇదే.