రోబెర్టో క్లెమెంటే
రోబెర్టో క్లెమెంటే (ఆగష్టు 18, 1934 - డిసెంబర్ 31, 1972) ప్యూర్టో రికోకు చెందిన ప్రముఖ బేస్‌బాల్ క్రీడాకారుడు. ఇతడు కరోలినా పట్టణంలో జన్మించాడు. 1955 నుండి 1972 వరకు అమెరికాలోని పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు తరఫున ఆడి, సరిగ్గా 3000 హిట్లు (బంతిని కొట్టి బేస్ చేరుకోవడాన్ని హిట్ అంటారు) సాధించాడు.

1972 నవంబరులో ఇతడు ప్యూర్టో రికో ఔత్సాహిక జట్టుకు మేనేజరుగా నికరాగ్వా వెళ్ళివచ్చాడు. డిసెంబర్ 23న సంభవించిన భూకంపం ఆ దేశ రాజధాని మనాగ్వాలో అధిక భాగాన్ని నేలమట్టం చేసింది. వేలాదిమంది మరణించారు. తాను ఎరిగిన ఊరు కావడం చేత క్లెమెంటే సహాయ సంఘానికి నాయకత్వం వహించి, క్రిస్మస్ పండుగను సైతం పక్కనబెట్టి, శాన్ హువాన్‌లోని హిరం బిథోర్న్ క్రీడామైదానంలో ఆహారము, దుస్తులు, మందులు సేకరించాడు. అయితే ముందుగా పంపిన సామగ్రి బాధితులకు అందక నేషనల్ గార్డు సైనికుల పాలవుతున్నదని వార్తలు వచ్చాయి. తాను స్వయంగా వెంట ఉంటే దానిని ఎవరూ మళ్ళించలేరని భావించి, క్లెమెంటే ప్రయాణానికి సిద్ధమయ్యాడు.

ఇందుకు అద్దెకు తీసుకున్న డీసీ-7 విమానం అదే నెల మొదట్లో ఒక ప్రమాదంలో దెబ్బతిన్నది. పైగా పరిమితికి మించి సుమారు 1900 కిలోల బరువు నింపారు. సామగ్రి సేకరణలో చూపిన శ్రద్ధ విమానం విషయంలో కొరవడిందనే చెప్పాలి. డిసెంబర్ 31 రాత్రి బయలుదేరిన కొద్దిసేపటికే అది సముద్రంలో కూలి, అందులోని ఐదుగురూ మరణించారు. క్లెమెంటే భౌతికకాయం లభించలేదు. ఐదేళ్ళ నిరీక్షణ నియమాన్ని సడలించి, 1973లో ఇతనిని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.