గంట ఒక్కటే పైకొచ్చింది

బ్రిటిష్ నౌకాదళంలోని హుడ్ యుద్ధనౌకను ‘మైటీ హుడ్’ అని పిలుచుకునేవారు. 1918 ఆగస్టు 22న స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో అది తొలిసారి నీళ్లలో దిగింది. జలప్రవేశం చేయించినది లేడీ హుడ్. ఆమె భర్త, హుడ్ వంశపు అడ్మిరల్, రెండేళ్ల ముందే జట్లాండ్ సముద్రపోరులో నేలకొరిగాడు. అదే పేరున్న పాత నౌకలో మోగిన గంటను ఆయన దాచి ఉంచాడు. ఆయన జ్ఞాపకార్థం ఆమె దాన్ని ఈ కొత్త నౌకకు అప్పగించింది. పుట్టింటి నుంచి అలా ఒక గంట వెంట వచ్చిందన్నమాట.

పొడవు 262 మీటర్లు, పదిహేను అంగుళాల ఫిరంగులు ఎనిమిది. దాదాపు ఇరవై ఏళ్లు లోకంలో అంతటి యుద్ధనౌక మరొకటి లేదు. 1923–24లో అది భూమిని చుట్టివస్తుంటే రేవు రేవునా జనం తిరనాళ్లకు వచ్చినట్టు వచ్చారు. డెక్కు కవచం పలచన అన్న సంగతి నావికాదళానికి తెలియనిది కాదు. పెద్ద మరమ్మతు జరగవలసి ఉండగానే రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. ఒంట్లో బాగాలేకున్నా పొలానికి బయలుదేరే ఇంటి పెద్దలా అదీ బయలుదేరింది.

1941 మే 24 ఉదయం, డెన్మార్క్ జలసంధిలో జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ గుండు తగిలింది. మందుగుండు గది పేలింది. మూడు నిమిషాల్లో నౌక కనుమరుగైంది. 1,418 మందిలో బతికి బయటపడింది ముగ్గురే.

అరవై ఏళ్ల తర్వాత, 2001 జూలైలో, నౌకా శిథిలాల అన్వేషకుడు డేవిడ్ మెర్న్స్ బృందం సుమారు 2,800 మీటర్ల లోతున దాని ఆచూకీ పట్టింది. ముగ్గురిలో అప్పటికి మిగిలిన టెడ్ బ్రిగ్స్ కూడా అక్కడికి వెళ్లాడు. పద్దెనిమిదేళ్లకు ఆ నీళ్లలో ఈదిన మనిషి, డెబ్బై ఎనిమిదేళ్లకు మీట నొక్కి స్మారక ఫలకాన్ని అడుగుకు దించాడు.

కెమెరా కంటికి ఆ గంట కూడా కనబడింది. 2012లో పైకి తేబోతే వాతావరణం సాగనీయలేదు. 2015లో వచ్చింది. అప్పటికి బ్రిగ్స్ లేడు. నౌకలో గంట ఎనిమిదిసార్లు కొడితే కాపలా పూర్తయినట్టు. పోయిన నావికుడికి వీడ్కోలూ అదే. 2016 మే 24న పోర్ట్స్‌మౌత్‌లో ప్రిన్సెస్ ఆన్ ఆ ఎనిమిదీ మోగించారు.

ఇంక దేన్నీ పైకి తేలేదు. 1,415 మందికి ఆ శిథిలమే సమాధి.