శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు

వీరి పూర్వులు తెనుగుసీమవారు. జననము మైసూరు రాజ్యమందలి ముద్దేనహళ్లి. బొంబాయి సర్కారు కొలువున నుండగా, 1903లో పూనా చెంత ఖడక్‌వాస్లా జలాశయమునకు, నీరు మితిమీఱినపుడు తమంతట తెఱచుకొను తలుపులను గల్పించి యమర్చిరి. పేటెంటు పొందియు, సర్కారు పనులలో వాని వాడుకకు రాయల్టీ ముట్టరైరి. ఏ తలుపులు పెట్టవలెనో నిర్ణయించు నింజనీరే వానిపై లాభము గుడిచినచో, నాతని నిర్ణయము నెవ్వరు నమ్ముదురు?

1908 నాటి మూసీవఱద హైదరాబాదును ముంచివేయగా, 1909లో నిజాముప్రభుత్వము వీరిని రావించెను. నగరమున కెగువను జలాశయములు గట్టవలెనని వీరు సూచించిరి. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను.

1912లో మైసూరు దివానుగిరి స్వీకరించుటకు ముందు, సిఫారసు లడుగబోమని బంధువులచేత మాట పుచ్చుకొనిరని చెప్పుదురు. బంధువుల కది యెంత కష్టముగ దోచెనో! 1918లో నాపదవిని విడిచి, 1962లో దివంగతులైరి.