కారాగారమున కరుణామూర్తి : ఎలిజబెత్ ఫ్రై

మన విశాఖపట్టణమున ఫిషింగ్ హార్బరు ఒడ్డున నిలిచి చూచువారికి, వేకువను వెడలిన పడవలు చేపలతో మరలివచ్చుట కన్నులపండువుగా నుండును. మరలిరాని పయనమునకై స్త్రీలను సంకెళ్లతో ఓడల నెక్కించిన కాలము నొకటి యుండెను. అట్టి యోడలలోనికి బోయి ఆ యభాగినులను పరామర్శించిన యొక గృహిణి చరిత్రము మన మెఱుంగదగినది.

ఎలిజబెత్ 1780వ సంవత్సరము మే 21వ తేదీన ఇంగ్లండునందలి నార్విచ్ పట్టణమున, క్వేకరు శాఖకు చెందిన గర్నీ వంశమున జన్మించెను. 1800లో జోసెఫ్ ఫ్రై అను వర్తకుని వివాహమాడి, క్రమముగా పదునొకండుగురు బిడ్డలకు తల్లి యయ్యెను.

1813లో ఆమె లండను నగరమునందలి న్యూగేటు చెఱసాలను దర్శించెను. అచట సుమారు మున్నూరుమంది స్త్రీలు పసిబిడ్డలతో గూడ ఇఱుకుగదులలో క్రిక్కిఱిసి యుండిరి. రోగులు వట్టినేలపై పడియుండిరి. ఆమె శిశువులకు వెచ్చని బట్టలును, రోగులు పరుండుటకు శుభ్రమైన గడ్డియు తెచ్చి యిచ్చెను. 1817లో సంఘమును స్థాపించి, చెఱసాలలో బడి పెట్టి, కుట్టుపని నేర్పించెను. నియమముల నొక్కొక్కటిగా చదివి, ఖైదీల సమ్మతిని పొందిన పిమ్మటనే అమలుపఱచెను.

1818లో పార్లమెంటు ఉపసంఘము నెదుట సాక్ష్య మిచ్చెను. స్త్రీఖైదీలకు స్త్రీలే కావలియుండవలెనని 1823లో శాసన మేర్పడెను. కాని దాని యమలును విచారించు తనిఖీదారులు 1835 వఱకు నియమింపబడలేదు. 1828లో భర్త వ్యాపారము దివాలా తీసి కుటుంబము అపనింద పాలయ్యెను. అయినను ఆమె తన సేవను మానలేదు.

అనుభవముచే ఆమె యొక సత్యమును గ్రహించెను. దయ యొక్కటియే రోగిని బ్రతికింపజాలదు. దానికి నేర్పు తోడు కావలెను. ఆ దినములలో రోగులకు పరిచర్య చేయువారిలో పెక్కండ్రకు శిక్షణ లేదు. కనుక 1840లో ఆమె లండనున నర్సుల సంస్థను స్థాపించెను. అందు చేరిన స్త్రీలు ఆసుపత్రిలో పని నేర్చి, ఇండ్లకు బోయి రోగులకు సేవ చేసిరి. ఆమె చెఱసాల సేవను జూచి యుత్సాహము పొందిన ఫ్లీడ్నర్ అను జర్మను బోధకుడు 1836లో కైజర్స్‌వెర్తున స్థాపించిన సంస్థలోనే, 1851లో ఫ్లారెన్సు నైటింగేలు శిక్షణ పొందెను. ఒక దీపమునుండి మఱియొక దీపము వెలుగుట యనగా నిదియే.

1845 అక్టోబరు 12న ఎలిజబెత్ ఫ్రై కన్నుమూసెను. వెలుపలి ప్రజలకు లభించు వైద్యమునకు తీసిపోని వైద్యము ఖైదీలకును లభింపవలెనని 2015లో ఐక్యరాజ్యసమితి తన నియమములలో మఱల నొక్కి చెప్పినది. శిక్ష ఖైదీ స్వేచ్ఛను మాత్రమే హరింపవలెను, ఆరోగ్యమును గాదు.

బాలబాలికలారా! మీలో నర్సులు కాగోరువారు గలరు. మన అడవివరమునందలి కేంద్రకారాగారమునందును జబ్బుపడువారు మనుష్యులే. రోగి చేసిన నేర మేమని యడుగుటకు ముందు, అతని జ్వర మెంత యని చూచునదియే నిజమైన నర్సు.