జేమ్స్ బ్రెయిడ్‌వుడ్

స్కాట్లండు రాజధానియైన ఎడింబరో నగరపు పాతభాగము ఒక కొండ వెన్నుపై కట్టబడినది. పూర్వము ఊరి చుట్టును ప్రాకార ముండుటచే ఇండ్లు ప్రక్కలకు విస్తరించుటకు వీలులేక పైకి పెరిగెను. ఎనిమిది, పది అంతస్తుల మేడలు ఒకదాని నొకటి ఒరసికొని నిలిచెను. వాని నడుమ ఇరుకైన సందులు. ఒక్కొక్క మేడలో క్రింది దుకాణము మొదలుకొని పై అటక వరకు అనేక కుటుంబములు కాపురముండెడివి. అందరికిని మెట్లదారి యొక్కటే. క్రింది గదిలో నిప్పంటుకొన్నచో ఆ మెట్లదారియే పొగగొట్టమై పోవును. పైనున్నవారికి కిటికీ తప్ప వేరు గతి లేదు.

ఇట్టి నగరములో జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ 1800 వ సంవత్సరమున జన్మించెను. ఆయన కుటుంబమునకు గృహనిర్మాణము, కొయ్యపని జీవనాధారములు. జేమ్స్ నగరములోని హైస్కూలులో చదువుకొని, పిదప తండ్రియొద్దనే పని నేర్చుకొనెను. దూలము గోడపై నెట్లు నిలుచును, అది కాలినపుడు గోడ ఎటు ఒరుగును, ఏ నేల ఎంత బరువును మోయగలదు అను విషయములు ఆయనకు చిన్నతనముననే తెలిసెను. ఇల్లు కట్టువాని కుపయోగించు విద్యయే ఇల్లు కాలునపుడు మనుష్యులను కాపాడుటకు పనికివచ్చునని ఆనాడు తలచినవారు చాల తక్కువ.

ఆ కాలమున అగ్నిప్రమాదము సంభవించినపుడు భీమా కంపెనీలవారి జట్లు, నీరు మోయువారు, సైనికులు, ఊరి జనులు అందరు నొకేసారి పరుగెత్తుకొని వచ్చెడివారు. ఎవరి యంత్రము వారిది, ఎవరి కేకలు వారివి. 1824 లో నగరాధికారులు ఈ అవ్యవస్థను తొలగింపనెంచి, ఊరంతటికి ఒకే అగ్నిమాపక దళమును ఏర్పరచి, ఇరువదినాలుగేండ్ల బ్రెయిడ్‌వుడ్‌ను దానికి నాయకునిగా నియమించిరి. పురపాలకుల ఆధ్వర్యమున నడచిన ఇట్టి దళములలో ప్రపంచమున నిది మొదటిదని చెప్పుదురు.

మనుష్యులను ఎన్నుకొని, వారికి శిక్షణ మొదలిడునంతలోనే పెనువిపత్తు వచ్చిపడెను. 1824 నవంబరు 15 వ తేదీ రాత్రి పది గంటల వేళ, హైస్ట్రీట్ ప్రక్కనున్న ఒక సందులో, చిత్తరువులు చెక్కువాని కార్యశాలయందు కాగుచున్న అవిసె నూనె పొంగి నిప్పంటుకొనెను. దళము యంత్రములతో వచ్చెను గాని నీరు దొరకుటకే చాల ఆలస్యమయ్యెను. మంటలు ఒక మేడనుండి మరియొక మేడకు ప్రాకెను. మరునాడు ట్రాన్ చర్చి గోపురమునకు నిప్పురవ్వలు తగిలి, కొయ్య కాలి, సీసము కరగి క్రిందికి కారెను. ఆ రాత్రియే పార్లమెంటు స్క్వేరులో మరియొక యెత్తైన మేడ పైయంతస్తులో అగ్ని పుట్టెను. ఆ మంటలు పూర్తిగా అణగుటకు పలు దినములు పట్టెను. పదుముగ్గురు మరణించిరి. వారిలో ఇద్దరు దళములోనివారు. సుమారు నాలుగు వందల కుటుంబములు నిలువనీడ లేనివయ్యెను. (ఆ పార్లమెంటు స్క్వేరులోనే 2008 లో బ్రెయిడ్‌వుడ్ విగ్రహమును నిలిపిరి.)

ఈ ఘోరమునకు యువనాయకుడు అసమర్థుడగుటయే కారణమని కొందరు నిందించిరి. కాని విచారింపగా వేరొక సంగతి వెల్లడియయ్యెను. నగరములోని పెద్దలు, న్యాయాధికారులు, భీమా కంపెనీలవారు ఆ రాత్రి ఎవరికి తోచినట్లు వారు ఉత్తరువు లిచ్చిరి. ఒకరు యంత్రమును ఇటు లాగుమనిన, మరియొకరు అటు లాగుమనిరి. బ్రెయిడ్‌వుడ్‌కు పదవి యుండెను గాని, పెద్దల మాటను త్రోసిపుచ్చు అధికారము లేకుండెను. ప్రమాదస్థలమున దళనాయకుని ఆజ్ఞయే చెల్లవలెను, ఇతరులెంత గొప్పవారైనను అడ్డు రారాదు అను నిబంధన అటుపిమ్మట స్థిరపడెను. పదుమూడు ప్రాణములు పోయిన తరువాత గాని ఇంత చిన్న సంగతి పెద్దలకు తోచకపోయెను.

తరువాతి ఎనిమిదేండ్లు బ్రెయిడ్‌వుడ్ తన దళమును తీర్చిదిద్దిన విధము ఆశ్చర్యకరము. ఆయన కేవలము బలిష్ఠులను ఏరుకొనలేదు. ఇండ్ల కప్పులు వేయువారిని, వడ్రంగులను, తాపీపనివారిని, కమ్మరులను, నీటి గొట్టములు అమర్చువారిని ఎంచుకొనెను. కప్పు వేయువాడు ఏటవాలు కప్పుపై నేలమీదవలె నడువగలడు. వడ్రంగికిని తాపీపనివానికిని కాలుచున్న ఇంటి బలము, బలహీనత తెలియును. కమ్మరి యంత్రమును బాగుచేయగలడు. వీరందరు పగలు తమ తమ వృత్తులు చేసికొనుచు, గంట మ్రోగినపుడు పరుగున వచ్చెడివారు. శిక్షణకు ఆయన యెన్నుకొన్న వేళ తెల్లవారుజాము. వీథులు నిర్మానుష్యముగా నుండును, బాటసారులకు హాని కలుగదు, అన్నిటికంటె ముఖ్యముగా, చీకటిలో పని చేయుట అలవడును. అగ్నిప్రమాదములలో పెక్కు రాత్రివేళలందే కదా జరుగునవి!

దళమువారి వేషమును గూడ ఆయన ఆలోచించియే నిర్ణయించెను. గట్టిపరచిన తోలుతో చేసిన శిరస్త్రాణమునకు వెనుకవైపు ఒక తోలుముక్క వ్రేలాడుచుండును. పైనుండి పడు నిప్పులు, కరగిన సీసము, మరుగు నీరు మెడలోనికి జారకుండుటకే యది. మంటల హోరులో మాట వినరాదు గనుక ఓడలలో వాడునట్టి సన్నని ఈలతో సంజ్ఞలు ఏర్పరచెను. ఇన్ని ఊదులైన నీరు విడువుడు, ఇన్ని ఊదులైన ఆపుడు అని ప్రతివానికి తెలియును.

అయినను ఆయన నేర్పిన వానిలో ముఖ్యమైనది వేరొకటి గలదు. అంతకుముందు జట్లవారు వీథిలో నిలిచి కిటికీలలోనికి నీరు చిమ్మెడివారు. ఆ నీటిలో అధికభాగము గోడలకు తగిలి వ్యర్థమగును. లేక నిప్పును చేరకమునుపే ఆవిరియై పోవును. మండుచున్న వస్తువును తాకని నీరు పోసినను పోయకున్నను ఒక్కటే యని బ్రెయిడ్‌వుడ్ సిద్ధాంతము. కావున గొట్టమును పట్టుకొని ఇంటిలోనికే పోవలెను. పొగ దట్టముగా నున్నచో నిలువబడి నడువరాదు. వేడిగాలి పైకి పోవును గనుక నేలకు దగ్గరగా కొంత మంచిగాలి యుండును. చేతులపైన, మోకాళ్లపైన ప్రాకుచు, ముఖమును నేలకు చేర్చి పోవలెను. ఒంటరిగా ఎవడును లోనికి పోరాదు. ఇద్దరు కలసియే పోవలెను. ఒకడు సొమ్మసిల్లినచో రెండవవాడు వానిని ఈడ్చుకొని రాగలడు. నిద్రలోనే పొగకు స్పృహ తప్పినవారిని, మంచముల క్రింద దాగిన పసివారిని వెలికి తెచ్చుటకు ఈ ప్రాకుడు విద్యయే సాధనమయ్యెను. కిటికీలయొద్ద చిక్కుకొన్నవారిని త్రాళ్ల సాయముతో దించు అభ్యాసమును గూడ ఆయన తనవారిచేత చేయించెను.

తాను చేయని పనిని ఇతరులచేత చేయించు స్వభావము ఆయనది కాదు. ఒకమారు ఇనుపసామానుల దుకాణము మండుచుండగా, లోపల తుపాకిమందు పీపాలున్నవని తెలిసెను. అవి ప్రేలినచో చుట్టునున్న ఇండ్లతో పాటు జనులును మిగులరు. బ్రెయిడ్‌వుడ్ మరియొకరిని పంపలేదు. తానే లోనికి పోయి ఆ పీపాలను మోసికొని వెలుపలికి తెచ్చెను. ఈ సంగతిని ఎడింబరో జనులు చిరకాలము చెప్పుకొనిరి.

1830 లో ఆయన తన అనుభవములను గ్రంథముగా ప్రకటించెను. యంత్రముల నిర్మాణము, మనుష్యుల శిక్షణ, ప్రమాదవేళ నడచుకొనవలసిన తీరు అందు వివరింపబడెను. ఆ గ్రంథముతో ఆయన పేరు లండనుకు ప్రాకెను. అచటి పది భీమా కంపెనీలు తమ తమ జట్లను కలిపివేసి, 1833 జనవరి 1 వ తేదీన లండన్ ఫైర్ ఇంజన్ ఎస్టాబ్లిష్‌మెంట్ అను ఉమ్మడి దళమును నెలకొల్పి, దాని అధిపతిగా బ్రెయిడ్‌వుడ్‌ను పిలిపించుకొనెను. మహానగర మంతటికిని ఉండినది 80 మంది మాత్రమే! ఇచట ఆయన నావికులను ఎక్కువగా చేర్చుకొనెను. వారు రాత్రి మేల్కొనుటకు, ఎత్తులెక్కుటకు, మారుమాటాడక ఆజ్ఞను పాటించుటకు అలవాటుపడినవారు. యంత్రములను త్రొక్కి నీరు పైకెక్కించుటకు మాత్రము వీథిలోని జనులనే కూలికి పిలిచెడివారు. మొదటి గంటకు ఒక షిల్లింగు, అటుపై గంటకు ఆరు పెన్నీలు, వీనితోపాటు బీరు. బీరు ఆలస్యమైనచో జనులు యంత్రమును ఆపి అల్లరి చేసెడివారట!

1834 అక్టోబరు 16 వ తేదీన ఇంగ్లండు పార్లమెంటు భవనము తగులబడెను. పూర్వకాలపు లెక్కలకు గుర్తులుగా దాచిన కొయ్యపుల్లలను పొయ్యిలలో వేసి కాల్పగా, పొయ్యిలు మితిమీరి వేడెక్కి అగ్ని రేగెను. ప్రభుత్వ భవనమునకు భీమా లేదు. దానిని కాపాడవలసిన బాధ్యత కంపెనీల దళమునకు లేకుండెను. అయినను బ్రెయిడ్‌వుడ్ 12 యంత్రములతో, 64 మందితో వచ్చెను. ప్రభువుల సభయు సామాన్యుల సభయు అప్పటికే చేయిదాటిపోయెను. చేయిదాటిన దానిపై నీరు పోయుట మాని, ఆయన పురాతనమైన వెస్ట్‌మిన్‌స్టర్ హాలును దక్కించుకొన నిశ్చయించెను. యంత్రములను ఆ హాలు లోపలికే తెప్పించి దాని కొయ్యకప్పును తడిపించుచుండెను. గాలియు అనుకూలముగా మరలెను. ఆ హాలు నేటికిని నిలిచియున్నది.

ఆ దళమునకు జీతమిచ్చువారు భీమా కంపెనీలు. కంపెనీలకు కావలసినది ఆస్తి రక్షణ. కాలుచున్న ఇంటిలోని మనుష్యుని దింపుట చట్టప్రకారము దళముయొక్క విధి కాదు! ఆ లోపమును పూరించుటకు దాతలు 1836 లో ఒక ధర్మసంఘమును స్థాపించి, రాత్రివేళ వీథి మొగలలో చక్రముల నిచ్చెనలను, వానికొక్కొక్క కావలివానిని ఉంచసాగిరి. బ్రెయిడ్‌వుడ్ మనుష్యులు లోనికి పోయి ప్రాణములను కాపాడుచునే యుండిరి. అయినను నిచ్చెన ఒకరిది, నీరు మరియొకరిది. ఎడింబరోలో ఊరివారి దళమును నడిపినవాడు లండనులో కంపెనీల సేవకుడై పనిచేయవలసి వచ్చెను.

బ్రెయిడ్‌వుడ్ అన్నివిషయములందును ముందుచూపు గలవాడని చెప్పుట సత్యము కాదు. ఆవిరి యంత్రములను ఆయన చాలకాలము ఇష్టపడలేదు. దూరమునుండి బలముగా నీరు చిమ్ము యంత్ర మున్నచో తనవారు లోనికి పోవుట మానుదురని ఆయన భయము. 1860 లో గాని లండను వీథులలో ఆ దళము ఆవిరి యంత్రమును వాడలేదు. మరియొక విషయమున మాత్రము ఆయన చెప్పినదంతయు జరిగెను. ఇనుప స్తంభములు మంటకు మెత్తబడును, వేడెక్కినవానిపై చన్నీరు పడిన పగులును, కావున ఇనుముతో కట్టినంతమాత్రమున భవనము అగ్నికి లొంగదనుకొనరాదని ఆయన 1849 లో ఇంజనీర్ల సభలో వివరించెను. నదీతీరమున పెరుగుచున్న పెనుగిడ్డంగులలో ఒకసారి నిప్పు బలిసినచో తన దళమునకు సాధ్యము కాదని అధికారులను హెచ్చరించెను. ఎవరును చెవినిడలేదు.

1861 జూన్ 22 వ తేదీ, శనివారము. లండను వంతెనకు సమీపమున టూలీ స్ట్రీటులోని కాటన్స్ రేవు గిడ్డంగిలో సాయంకాలము పొగ కనబడెను. అందు ప్రత్తి, జనపనార, కొవ్వు, పంచదార, సురేకారము నిండియుండెను. గదుల నడుమ మంట నాపుటకై అమర్చిన ఇనుప తలుపులు తెరచియే యుండెను. నదిలో నీరు తీసియుండుటచే పడవలపైని యంత్రములు దగ్గరకు రాలేకపోయెను. బ్రెయిడ్‌వుడ్ వచ్చుసరికే మంట మితిమీరెను. వేడికి, పొగకు తనవారు అలసి సొలసి యుండుట చూచి, వారికి స్వయముగా సేదదీర్పు పానీయము నిచ్చుచు ఒక్కొక్కరిని పలుకరించుచు ఆయన గిడ్డంగుల నడుమ నడచుచుండెను. రమారమి ఏడున్నర గంటలకు ఒక గోడ వెలుపలికి ఉబ్బి, ఒక్కసారిగా కూలెను. గోడ ఎటు ఒరుగునో జీవితమంతయు ఇతరులకు నేర్పినవానికి తప్పుకొనుటకు వ్యవధి దొరకలేదు. వెంటనున్న మరియొకడును ఆయనతోపాటు మరణించెను. మంటల తాపమువలన దేహమును వెలికితీయుటకు రెండు మూడు దినములు పట్టెను. అగ్ని పూర్తిగా చల్లారుటకు రెండు వారములు పట్టెను. నష్టము ఇరువది లక్షల పౌనులని అంచనా వేసిరి.

జూన్ 29 వ తేదీన జరిగిన అంత్యయాత్ర మైలున్నర పొడవుండెను. నగరములోని చర్చి గంటలు మ్రోగెను. ఆబ్నీ పార్కు శ్మశానవాటికలో ఆయనను సమాధి చేసిరి. ఆ ప్రక్కనే ఆయన భార్యకు మొదటి భర్తవలన కలిగిన కుమారుని సమాధి గలదు. ఆ యువకుడును దళములో పనిచేయుచు 1855 లో ఒక అగ్నిప్రమాదమున మరణించినవాడే.

టూలీ స్ట్రీటు నష్టము భరింపలేక భీమా కంపెనీలు ఇకపై నగరరక్షణ తమ పని కాదని ప్రభుత్వమునకు తెలియజేసెను. పార్లమెంటు 1865 లో చట్టము చేసెను. 1866 జనవరి 1 వ తేదీనుండి దళము లండను ప్రజల సొత్తయ్యెను. మరుసటి సంవత్సరము ధర్మసంఘమువారి చక్రముల నిచ్చెనలును దానికే చేరెను. ఆనాటినుండి లండనులో అర్ధరాత్రి కాలుచున్న ఇంటి కిటికీనుండి మొఱపెట్టు వానికొరకు నిచ్చెన ఎక్కువాడును, క్రింద గొట్టము పట్టువాడును ఒకే దళమువారైరి.